లాభం అని మొదలయ్యే లెక్క

తడిసిన వెదురుకు ఒక వాసన ఉంటుంది. గోదావరి గట్టున ముప్పైనాలుగేళ్ళు ఉద్యోగం చేసినా దాన్ని నేను ఏనాడూ పట్టించుకోలేదు. అది నాకు తెలిసింది లీసెస్టర్ వచ్చాకే. ఈ ఏడాది, అంటే 2019లో, మే నెల మొదటి శనివారం మా అమ్మాయి సుజాత చిక్కుడు తీగలకు ఊతంగా ఒక కట్ట వెదురు కర్రలు కొనుక్కొచ్చి షెడ్డు గోడకు ఆనించింది. రాత్రి వాన కురిసింది. పొద్దున వంటింటి తలుపు తీసేసరికి ఆ వాసన తియ్యగా, మందంగా లోపలికి వచ్చింది. నేను టీ కప్పు బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళి, కట్టను మోసుకొచ్చి కారు డిక్కీలో పెట్టాను. "నాన్నా, ఇంకా కట్టు కూడా విప్పలేదు!" అంది సుజాత. "తిరిగి ఇచ్చేసి ఇనప ఊచలు తీసుకురా" అన్నాను. తను పక్కింటి కంచె వైపు ఒకసారి చూసి, తాళాలు అందుకుంది. కంచెకు అవతల ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. ఆ వాసనను భరించలేని మనిషి పోయి ఆరు నెలలైంది. అయినా మా తోటలో వెదురు ఉండటానికి వీల్లేదు.

నేను ఈ దేశానికి వచ్చింది 2008 సెప్టెంబరులో, నా భార్య పోయిన మరుసటి ఏడు. నీటిపారుదల శాఖలో నా పని నది మట్టాన్ని చూసి నమోదు చేయడం. వరద రోజుల్లో గంటగంటకూ చూడాలి. తేదీ లేని అంకె పుకారుతో సమానమని మా పై అధికారి అంటూ ఉండేవారు. ఉద్యోగం వదిలినా ఆ మాటను నేను వదల్లేదు. ఎంత మంచివారు చెప్పినదైనా తేదీ, అంకె జతపడితే తప్ప నమ్మే అలవాటు నాకు లేదు. 2009 మేలో నేను మొదటిసారి చిక్కుడు పాదులకు వెదుళ్ళు పాతుతుండగా కంచె అవతల ఒక వృద్ధురాలు వచ్చి నిలబడింది. పొట్టిగా కత్తిరించిన తెల్లని జుట్టు, నల్లని ముఖం, నీలం కార్డిగన్. కరీబియన్ దీవుల ఆవిడ కాబోలనుకుని ఇంగ్లీషులో పలకరించాను.

"ఆ వెదుళ్ళు తీసీ బాబూ," అందావిడ. "నీకు పున్నెముంటాది."

"మీరు తెలుగువారా?"

"కాదేటి మరి? ఇంగ్లీసోల్లు పున్నెం అంతారేటి?"

"ఎక్కడివారండీ?"

"మలయా."

"అంతకుముందు?"

"అంతకుముందు మా అమ్మ కడుపులోన."

నేను వెదుళ్ళు పీకేశాను. సాయంత్రానికి ఆమె తన షెడ్డులోంచి ఇనప ఊచలు ఏరి కంచె మీదుగా ఒక్కొక్కటే అందించింది. "మా ఆయన ఫ్రాంకు బతికున్నన్నాళ్ళూ బస్సు తోలినాడు, ఇనుము పోగేసినాడు. దేనికో తెలీక సచ్చిపోనాడు. ఇదుగో, నీ సిక్కుడికి." ఆమె పేరు అప్పలనరసమ్మ. విశాఖ జిల్లా నుంచి కొబ్బరి తోటల్లో కూలికి మలయాకు, అంటే ఇప్పటి మలేషియాకు, వెళ్ళిన కుటుంబంలో అక్కడే పుట్టింది. నర్సింగు నేర్చుకుని 1957లో ఇంగ్లండు వచ్చి, ఈ ఊరి ఆసుపత్రుల్లోనే వార్డు సిస్టర్‌గా పనిచేసి రిటైరైంది. పిల్లలు లేరు. తెలుగు మాట్లాడే తోడు దశాబ్దాలపాటు లేకపోవడం వల్ల ఆమె తెలుగు పాతబడలేదు. వాళ్ళ తాతలు ఓడ ఎక్కిననాడు ఎలా ఉందో అలాగే మిగిలిపోయింది. నేను "అమ్మగారూ" అంటే కసిరింది. "అమ్మగారేటి, నీకు అప్పనవుతాను గానీ." అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. ఆమె పాస్‌పోర్టులో పుట్టిన తేదీ జనవరి ఒకటి. నర్సింగు స్కూలు గుమాస్తా వేసిన తేదీ అది. నాకు ఆమె మీద కలిగిన మొదటి అసంతృప్తి అదే.

రెండోది 2010 ఉగాదికి కలిగింది. తెలుగు సంఘంవారు ఒక హాలు తీసుకుని భోజనాలు పెట్టారు. మనిషికి ఇన్ని గ్రాముల చొప్పున బియ్యం లెక్క కట్టి కాగితం మీద వేసింది నేను. చెంబుతో కొలిచి గుండిగలో పోస్తున్నది అప్ప. నేను గీతలు గీస్తున్నాను. ఆమె మొదటి చెంబును గోపురంలా నింపి, "లాభం" అంటూ ఒంపింది. తర్వాత చెంబు అంచు దాకా. "రెండు." అలా ముప్పై దాకా వెళ్ళింది. నేను ఆపి, మొదటి చెంబు మిగిలినవాటికి సమానం కాదని, కొలత అన్నాక ఒకటి నుంచి మొదలుకావాలని మర్యాదగానే చెప్పాను. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనడం నాకు తెలియనిది కాదు. మా ఊరి కళ్ళాల్లోనూ అనేవారు. అంకె ఉండవలసిన చోట ఆశ పెట్టడం అప్పుడూ నాకు నచ్చేది కాదు.

"లాభమేంది ఆంటీ, మనమేమన్న అమ్ముతున్నమా?" అని నవ్వాడు ఉల్లిపాయలు తరుగుతున్న వరంగల్ విద్యార్థి.

"అమ్మినా, తిన్నా, లాభానికి తల కొట్టకూడదు నాయనా," అందామె. తల కొట్టడమంటే కుప్పగా ఉన్న కొలతను అంచుకు సమం చేయడం. "నీ కాయితం నువ్వు రాసుకో బాబూ. నా సేత్తో నన్ను కొలవనీ."

అన్నం సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా. కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. తిరుగు ప్రయాణంలో మినీబస్సు కదలబోతుంటే అప్ప లేచి అందరినీ లెక్కపెట్టింది. ముందు కూర్చున్నవాళ్ళను వదిలేసి, వెనక సీటు దాకా నడిచి, జ్వరంతో స్వెటర్‌లో ముడుచుకున్న ఒక చదువుకునే అమ్మాయి తల మీద చెయ్యి వేసి "లాభం" అంది. ఆ తర్వాతే మిగిలినవాళ్ళను రెండు, మూడు అంటూ వచ్చింది. వరస తప్పిన ఆ లెక్క ఎందుకో నేను అప్పుడు అడగలేదు.

2012లో నగర గ్రంథాలయంవారు ఈ ఊరి వృద్ధుల జ్ఞాపకాలు సేకరిస్తూ అప్పను కూడా అడిగారు. వారి పద్ధతి నాకు నచ్చింది: ప్రతి సంఘటనకూ స్థలం, సంవత్సరం ఉండాలి. ఆమె తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో రాసి ఇస్తానన్నాను. ఆదివారాలు మధ్యాహ్నం ఆమె వంటింట్లో కూర్చునేవాళ్ళం. మొదటి వారమే, యుద్ధకాలంలో ఆమె ఉన్న కూలీల శిబిరం దగ్గరే పేచీ మొదలైంది.

"మిమ్మల్ని శిబిరానికి తీసుకెళ్ళింది ఏ సంవత్సరం?"

"జపానోడు వొచ్చిన తరవాత."

"ఎన్నాళ్ళ తర్వాత?"

"బియ్యం అయిపోయి కర్రపెండలం తింతన్నాం. అప్పుడు."

"నెల?"

"ఎనిమిదేళ్ళ పిల్లకి నెల ఎవుడు సెప్తాడు బాబూ?"

"ఎనిమిదేళ్ళని ఎలా తెలుసు?"

ఆమె నవ్వింది. "అదీ తెలీదు. రాసుకో."

వారాలు గడిచిన కొద్దీ విషయం తెలిసింది. తల్లి అంతకుముందే పోయింది. తండ్రినీ, ఆమెనూ, తమ్ముడు సింహాచలాన్నీ తోటలోని మరికొన్ని కుటుంబాలతోపాటు జపాను సైన్యం సామాన్ల రైలు పెట్టెల్లో కుక్కి సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, అడవుల్లోకి తరలించింది. అక్కడ బర్మాకు రైలుమార్గం వేస్తున్నారు. రైలు ఆగిన చోటు నుంచి బురదలో నడక. శిబిరమంటే చీల్చిన వెదురుతో కట్టిన పాకలు; నేల మీద ఎప్పుడూ నీళ్ళు. పెద్దలు పట్టాలకు దారి తొలిచేవారు, పిల్లలు మట్టి తట్టలు మోసేవారు. రోజూ పొద్దున వరసలో నిలబెట్టి, కాపలావాడు వెదురు బెత్తంతో ఒక్కొక్కరి భుజం మీద కొడుతూ లెక్కపెట్టేవాడు. ఆ లెక్కకు రానివాడికి ఆ రోజు తిండి లేదు. ఒకనాడు తండ్రిని ఇంకా పైనున్న మరో శిబిరానికి తోలుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు.

అలా ఎవరూ లేకుండా మిగిలిన పిల్లల్ని పైడమ్మ అనే ముసలామె చేరదీసింది. తోటలో ఉన్న రోజుల్లో పెళ్ళిళ్ళకు బియ్యం కొలిచే చెయ్యి ఆమెది. శిబిరంలో ఆమె దగ్గరున్న కొలత ఒక కొబ్బరిచిప్ప. సాయంత్రం పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఆ రోజు అందరికంటే నీరసంగా ఉన్న బిడ్డను ముందుకు తెచ్చి "లాభం" అనేది. ఆ చిప్పకు తల కొట్టేది కాదు. వరసలో ఎవరూ గొడవపడేవారు కాదట, రేపు లాభం ఎవరవుతారో ఎవరికీ తెలియదు కాబట్టి. పొద్దుటి లెక్క కాపలావాడిది, సాయంత్రం లెక్క పైడమ్మది. మినీబస్సులో చూసినదానికి నాకు రెండేళ్ళ తర్వాత జవాబు దొరికింది.

వానలు ముదిరాక కలరా వచ్చింది. జబ్బు పడినవాళ్ళను వాగు అవతల ఒక పాకలో పడేసేవారు. వాళ్ళ పేర్లు పొద్దుటి లెక్కలోంచి పోయేవి. తిండి వెళ్ళేది కాదు. సింహాచలాన్నీ, తర్వాత అప్పనూ అక్కడికి మోసుకెళ్ళారు. పైడమ్మ రోజూ సాయంత్రం వాగు ఇవతల నిలబడి "లాభం!" అని కేక వేసేది. పాకలోంచి తమ్ముడు "లాభం" అని పలికేవాడు, ఈమె "రెండు" అనేది. పలికినన్ని చిప్పల ఉప్పు గంజిని ఆమె వాగు దాటించి తెచ్చి, ఒక రాతి మీద పెట్టి వెళ్ళిపోయేది. ఇంతవరకూ చెప్పి అప్ప ఆగిపోయింది. మూడు ఆదివారాలు ఆ పాక దగ్గరకు రాగానే లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టేది.

ఈలోగా నేను పుస్తకాలు తిరగేశాను. రైలుమార్గం పూర్తయిన కాలం, కలరా వ్యాపించిన వర్షాకాలం సరిచూసుకుంటే అది 1943 అయి తీరాలి. ఆ దారిలో యుద్ధఖైదీలుగా చనిపోయిన తెల్ల సైనికులకు సమాధులున్నాయి, పేర్లు చెక్కిన రాళ్ళున్నాయి. చనిపోయిన కూలీల సంఖ్య మాత్రం ఒక పుస్తకానికీ మరో పుస్తకానికీ పొసగదు. తేడా వేలల్లో ఉంది. నా జీవితంలో అంతటి అలసత్వపు నమోదును నేను చూడలేదు. కనీసం ఒక సంవత్సరమైనా నిలబెట్టానన్న తృప్తితో అప్పకు చెప్పాను.

"1943, అప్పా. ఇక అనుమానం లేదు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "ఈ అంకె నాకేటి సేస్తాది బాబూ? నాకు కావలసిన అంకె వేరే ఉన్నాది. ఇస్తావా?"

"అడగండి."

"ఒక సాయంత్రం ఆడు పలకనేదు. సెయ్యట్టుకున్నాను, సల్లగా ఉన్నాది. అవతల పైడమ్మ లాభం, లాభం అని అరుస్తన్నాది. పలక్కపోతే ఎల్లిపోద్దని ఆడి గొంతు పెట్టి లాభం అనీసినాను. మళ్ళీ నా గొంతుతో రెండు అన్నాను. రెండు సిప్పలూ నానే తాగీసినాను. మర్నాడూ అంతే." ఆమె నా కలం వైపు చూసింది. "ఎన్ని సాయంత్రాలు అలగ సేసినాను? రెండా, నాలుగా? డెబ్బై ఏళ్ళ కాడ్నించి లెక్కెడతన్నాను. తేలడం నేదు."

వాగు మోతా, గోడ సందుల్లోంచి కారే వానా, తడిసిన వెదురు వాసనా మాత్రం ఆమెకు గుర్తున్నాయి. ఆఖరికి ఒక సాయంత్రం పైడమ్మ పాక గుమ్మం దాకా వచ్చిందట. లోపలికి చూడకుండానే, "ఒలే నర్సీ, ఇంక రెండు అనకు. నువ్వే లాభం" అని, చిప్ప పెట్టి వెళ్ళిందట.

"అంటే దానికి తెలుసు," అంది అప్ప. "ఎప్పుట్నించి తెలుసో అడగనేదు. అడిగితే అంకె వొచ్చీసును గదా. అందుకే అడగనేదు. ఇది రాయకు బాబూ."

నేను కలం మూత పెట్టాను. వార్డు సిస్టర్‌గా ఉన్నన్నాళ్ళూ, అంటురోగులను విడి గదిలో పెట్టినప్పుడల్లా, తాను తలుపు బయట నిలబడి గంటకోసారి పేరు పెట్టి పిలిచి, జవాబు వచ్చేదాకా కదిలేదాన్ని కానని ఆ రోజే చెప్పింది. తోటి నర్సులు అది ఆమె చాదస్తమనుకునేవారట.

2016 ఫిబ్రవరిలో ఊరంతా వాంతుల జబ్బు వచ్చింది. ఒక మంగళవారం అప్పను అంబులెన్సులో తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున వార్డు నుంచి ఫోన్. అత్యవసరానికి పిలవవలసిన మనిషిగా ఆమె ఇచ్చింది నా పేరేనట. నేను వెళ్ళేసరికి ఒక యువ డాక్టరు వరండాలోనే ఎదురొచ్చింది. గుంటూరు అమ్మాయి, పేరు అనూష. "అంకుల్, సెలైన్ సూది మూడుసార్లు పీకేశారు. సైడ్ రూమ్‌లో ఉండనంటున్నారు, తలుపు వేస్తే చాలు లేచి వచ్చేస్తున్నారు. ఈ జబ్బుకి తలుపు వేసి తీరాలి, వార్డులో ఇంకా ఇరవై మంది ముసలివాళ్ళున్నారు. నేను తెలుగులో చెప్పి చూశాను. నన్ను కాపలావాళ్ళ మనిషి అంటున్నారు."

"సూది లేకపోతే?"

"మూత్రం దాదాపు ఆగిపోయింది. సాయంత్రంలోగా నీళ్ళు ఒంట్లోకి వెళ్ళకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. మత్తిచ్చి పడుకోబెట్టొచ్చు. కానీ ఈ వయసులో, ఈ నీరసంలో, మత్తులోంచి లేస్తారని నేను మాట ఇవ్వలేను. అందుకే మిమ్మల్ని పిలిపించాను."

ప్లాస్టిక్ ఏప్రన్, తొడుగులు, మాస్కు వేసుకుని లోపలికి వెళ్ళాను. అప్ప మంచం అంచున కూర్చుని కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉంది. పెదవులు పగిలాయి. కళ్ళు లోపలికి పోయాయి. "తలుపు ముయ్యకు," అంది. "లోన పెట్టి మూసినోల్లని లెక్కలోంచి తీసెత్తారు."

నేను నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఈ రోజు బుధవారం, ఇది 2016వ సంవత్సరం, ఇది లీసెస్టర్, మీరు ఈ ఆసుపత్రిలోనే సిస్టర్‌గా చేశారు, అని ఒక్కొక్కటే నిదానంగా చెప్పాను. నా ఆయువంతా నేను పట్టుకుని నడిచిన చేతికర్రలు అవి. ఆమె చూపులో గుర్తింపు లేదు, భయం పెరిగింది.

"నువ్వెవుడివి? గార్డు మాటలు సెప్తన్నావు."

కాళ్ళు కింద పెట్టి లేవబోయింది. నిలబడలేక మళ్ళీ మంచం మీద పడింది. నేను వెనక్కి నడిచి బయటికొచ్చి తలుపు మూశాను. "ఏం చేస్తున్నారు అంకుల్?" అంది అనూష. తలుపుకు చదరపు అద్దం ఒకటి ఉంది. దాని ముందు నిలబడి, మాస్కు కిందికి లాగి, గొంతెత్తి "లాభం!" అన్నాను. ట్రాలీ తోస్తున్న మనిషి ఆగి చూశాడు. లోపల కదలిక లేదు. మళ్ళీ అన్నాను. అద్దంలోంచి ఆమె తల తిరగడం కనిపించింది. మూడోసారికి, ఎనభై ఏళ్ళ మనిషిది కాని ఒక సన్నని గొంతు వచ్చింది.

"రెండు."

"హమ్మయ్య, పలికారు కదా!" అంది అనూష. నేను తల అడ్డంగా తిప్పాను. లాభం అన్న ఆ చోటును అప్ప తమ్ముడికి అట్టిపెట్టింది. వాడు పలికేదాకా ఆ గదిలో ఎవరికీ గంజి లేదు. నాలుగోసారి పిలిచినా మళ్ళీ రెండు అనే వచ్చింది, ఇంకా సన్నగా. నేను తలుపు జానెడు తెరిచాను. లోపలికి చూడలేదు. నా నోట ఎన్నడూ పలకని మాటలు, ఆమె గొంతులో విన్నవి విన్నట్టుగా అన్నాను.

"ఒలే నర్సీ, ఇంక రెండు అనకు. నువ్వే లాభం."

లోపలి నుంచి అడిగింది: "ఆడో?"

పైడమ్మ దీనికి ఏం చెప్పేదో అప్ప నాకు చెప్పలేదు. ఆ ప్రశ్న ఆనాడు అడగనే లేదు మరి. నాకు ఆధారం లేదు, సాక్ష్యం లేదు.

"ఆడి సిప్ప కూడా నీకే ఇమ్మన్నాడు. తాగీ."

"ఉప్పేసినావా?"

అనూష చేతిలోని సెలైన్ సంచీ వైపు చూశాను. "ఏసినాను," అన్నాను.

"లాభం," అంది అప్ప, మామూలు గొంతుతో. అనూష లోపలికి వెళ్ళేసరికి ఆమె చెయ్యి చాపి ఉంది. తలుపు మూశారు. నేను బయట కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా పిలుస్తూ ఉన్నాను, ఆమె పలుకుతూ ఉంది. చీకటి పడే వేళకు అనూష బయటికి వచ్చి, మూత్రం రావడం మొదలైందని చెప్పింది. ఎన్ని మిల్లీలీటర్లో కూడా చెప్పింది. ఆ అంకెను నేను వినిపించుకోలేదు.

వారం చివరికి ఆమె తేరుకుంది. నన్ను చూసి మొట్టమొదట అన్న మాట: "వార్డులో నిలబడి అరిసినోడివి నువ్వేనట. నా వార్డులోనైతే గెంటించీదాన్ని." కాసేపయ్యాక, ఇంటి నుంచి నేను తెచ్చిన గంజి తాగుతూ, "ఆడు ఇమ్మన్నాడని నీకెలగ తెలుసు?" అంది. నేను తెలియదన్నాను. ఆమె గిన్నె అడుగు దాకా తాగి నా చేతికిచ్చింది. "రాసీ," అంది. "మొత్తం రాసీ."

రాసి గ్రంథాలయానికి ఇచ్చాను. సంవత్సరం 1943 అని వేశాను. ఎన్ని సాయంత్రాలు అన్నచోట తెలియదు అని రాశాను. సుమారుగానైనా ఒక సంఖ్య ఇవ్వగలరా అని వారు మర్యాదగా అడిగారు. ఇవ్వలేనని జవాబు పంపాను. అప్ప 2018 నవంబరులో తన ఇంట్లో, తన మంచం మీద నిద్రలో పోయింది. కిటికీ తెరిచే ఉంది.

సుజాత ఇనప ఊచలతో తిరిగొచ్చేసరికి నేను మధ్యాహ్నానికి బియ్యం కొలుస్తున్నాను. మా ఇద్దరికీ రెండు గ్లాసులు. మొదటి గ్లాసును కుప్పగా నింపి, తల కొట్టకుండా గిన్నెలో ఒంపి, "లాభం" అన్నాను. అని, రెండో గ్లాసు ముంచకుండా ఆగాను.

"లాభం," అంది సుజాత, గుమ్మంలో తడి బూట్లు విప్పుకుంటూ.

అప్పుడు రెండోది ముంచాను.